ముందు ఆగడం, తర్వాత పరుగు

విజయవాడ

చి. సహజకు,

మారేడ్‌పల్లిలో ఆ పాత ఇంటి షెడ్డులో నువ్వు చూసిన స్టాండర్డ్ హెరాల్డ్ ఫోటోలు అన్నీ చూశాను. ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశాను. పాతికేళ్లకు పైగా కదలని బండి అన్నావు. "స్పోర్ట్స్ కారు కొనాలనుకున్నాను, తిరిగి తిరిగి దీని దగ్గర ఆగాను, తప్పు చేస్తున్నానా పెదనాన్నా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చూసుకోడానికి వీలుగా ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నీ మనసులో ఉన్న వెలితి తీరుస్తాను. నువ్వు కోరుకున్న ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కీ ఈ హెరాల్డ్‌కీ రక్తసంబంధం ఉంది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో వచ్చింది. ఆ ఛాసిస్‌నే కురచ చేసి, దాని మీద రెండు సీట్ల ఓపెన్ బాడీ కట్టి 1962లో స్పిట్‌ఫైర్ తెచ్చారు. రెండింటికీ రూపం దిద్దినవాడు జొవానీ మికెలొట్టి అనే ఇటలీ డిజైనర్. ముందు సస్పెన్షన్, వెనకాల అడ్డంగా ఉండే కమాన్ పట్టీ, మడ్‌గార్డులతో సహా ముందుకి లేచే బానెట్, అన్నీ ఒక ఇంటివే. మన దేశంలో ఈ బండిని మద్రాసు స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి 1971 దాకా చేశారు. ఇంజను 948 సీసీ, నాలుగు సిలిండర్లు. ఆ కంపెనీ తర్వాత గజెల్ చేసింది, ఆఖర్న స్టాండర్డ్ 2000 చేసింది, 1980ల చివర మూతపడింది. కంపెనీ పోయినా నీకు దిగులక్కర్లేదు. స్పిట్‌ఫైర్‌ని ప్రేమించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి దాని సస్పెన్షన్, బ్రేకు, ఇంజను సామాన్లు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. వాటిలో చాలా భాగం నీ బండికీ సరిపోతాయి. ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండి కొనేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి ఇదే. అందం ఎంత ఉన్నా సామాను దొరకని బండిని ఇంటికి తెచ్చుకోకూడదు. ఆ లెక్కన నీ ఎంపిక మంచిది.

ఇక అసలు మాట. నిలిచిపోయిన బండిని కొన్నవాళ్లు ఎక్కువమంది చేసే పని ఒకటుంది. కొత్త బ్యాటరీ తెస్తారు, కార్బురేటర్‌లో కాస్త పెట్రోలు పోస్తారు, సెల్ఫ్ కొడతారు. ఇంజను మోత వినాలన్న ఆత్రం. ఆ మోతతో సిలిండర్లు గీసుకుపోవచ్చు, పట్టుకున్న రింగులు విరగవచ్చు. అదృష్టం బాగుండి స్టార్ట్ అయితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే కదిలే బండికి బ్రేకులుండవు. నా జీవితమంతా ఆటోనగర్‌లో ఇంజన్ల మధ్యే గడిచింది. నేను నమ్మేది ఈ వరస: మొదట కాగితాలు, తర్వాత ఛాసిస్, తర్వాత బ్రేకులు, తర్వాత చక్రాలు, తర్వాత పెట్రోలు దారి, ఆఖర్న ఇంజను. ఈ వరస తప్పకుండా ఉంటే నువ్వు సగం గెలిచినట్టే.

కాగితాల సంగతి. ఆ బండికి 1989కి ముందునాటి మూడక్షరాల నంబరు ఉంది. ఆర్‌సీ చిన్న పుస్తకం రూపంలో ఉంటుంది. అది ఎవరి పేరున ఉందో చూడు. అమ్ముతున్నది కొడుకు, పుస్తకంలో పేరు తండ్రిది అన్నావు. తండ్రి కాలం చేసినవాడు కాబట్టి ముందు వారసుడి పేరుకి ఫారం 31 మీద మారాలి, ఆ తర్వాతే ఫారం 29, 30 మీద నీ పేరుకి. ఈ మెట్టు దాటేసి తెల్ల కాగితం మీద సంతకంతో సరిపెడదామంటే ఒప్పుకోకు. ఛాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ రేకు మీద నుంచి పెన్సిల్‌తో అచ్చు తీసి పుస్తకంతో పోల్చు. బండి వివరాలు ఆర్టీఏ వాళ్ల కంప్యూటర్‌లోకి ఎక్కాయా లేదా కనుక్కో. అంత పాతవి చాలాసార్లు ఎక్కి ఉండవు. పాత రిజిస్టరు చూసి ఎక్కించమని అమ్మేవాళ్లతోనే అడిగించు.

రిజిస్ట్రేషన్‌కి నీ ముందు రెండు దారులున్నాయి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉండే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి లేదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు పోయించడం, రిపేరు, ఇలాంటి పనులకే. రెండో దారి మామూలు రిజిస్ట్రేషన్‌నే ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవడం. నువ్వు ఆదివారాలు శంకర్‌పల్లి వైపో వికారాబాద్ వైపో వెళ్లాలంటున్నావు కాబట్టి రెండోదే నీకు నయం. ఏ దారి అయినా అడ్వాన్స్ ఇవ్వక ముందే తేల్చుకో.

ఛాసిస్. హెరాల్డ్‌కి విడిగా ఛాసిస్ ఉంటుంది, బాడీని దాని మీద బోల్టులతో బిగిస్తారు. నడుమ వెన్నెముకలా రెండు దూలాలు, వాటి నుంచి పక్కలకి చేతులు. దూలాలు మందం, చేతులు పల్చన. తుప్పు ముందు ఆ చేతుల చివర్లలోనే పడుతుంది. బండి కింద పడుకుని స్క్రూడ్రైవర్ మొనతో ప్రతి చోటా పొడిచి చూడు. మొన దిగితే ఆ చోటు మార్చాల్సిందే. తలుపు తెరిచి మూసి చూడు. తలుపు కింద జారితే, సందు పైన ఒకలా కింద ఒకలా ఉంటే ఛాసిస్ వంగిందని అనుమానించు. రంగు ఎంత పోయినా ఫర్వాలేదు, సీట్లు చిరిగినా ఫర్వాలేదు. ఛాసిస్ బాగుంటే బండి బాగున్నట్టే.

తక్కువ తిరిగిన బండి అని అమ్మేవాళ్లు మురిపిస్తారు. మీటర్ అంకె చూసి మురవకు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేయించిన పసుపురంగు రోల్స్ రాయిస్ ఉంది, ఎప్పుడైనా వెళ్లి చూడు. అది చాలా తక్కువ తిరిగిన బండి, ఏళ్ల తరబడి నిలిచే ఉన్న బండి. దాన్ని ఇవాళ చూడగలుగుతున్నామంటే తర్వాత ఎంతో శ్రద్ధగా బాగుచేశారు కాబట్టే. తిరగకపోవడం ఇంజను అరుగుదలని ఆపుతుంది. రబ్బరు ఎండిపోవడాన్నీ, ఇనుము తుప్పు పట్టడాన్నీ ఆపదు.

బ్రేకులకు వద్దాం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది. ఇన్నేళ్లు నిలిచిన బండిలో ఆ తేమే మాస్టర్ సిలిండర్ లోపల తుప్పు గుంటలు తొలుస్తుంది. పెడల్ తొక్కితే గట్టిగా ఉంది కదా అని నమ్మకు. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, క్లచ్ మాస్టర్, క్లచ్ స్లేవ్, అన్నీ విప్పించు. లోపల గోరు పెట్టి చూస్తే గరుకు తగలకూడదు. తగిలితే కొత్తది తెప్పించు, లేదా బాలానగర్ లేత్ షాపుల్లో స్లీవ్ వేయించు. రబ్బరు హోస్ పైపులు పైకి బాగున్నట్టే ఉంటాయి, లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి. వాటిని చూడకుండానే మార్చేయ్. ఇనుప బ్రేక్ పైపులు కూడా మొత్తం కొత్తవి వేయించు. రాణిగంజ్‌కి వెళ్లేటప్పుడు పాత సామాను చేతిలో పట్టుకెళ్లు, పేరు చెప్పి అడిగితే ఈ కాలపు కుర్రాళ్లకు తెలియదు. అది చూపించి, కొలత చెబితే పెద్దవాళ్లెవరో లోపల్నుంచి తీసి ఇస్తారు.

ఇప్పుడు రాసేది ఎర్ర ఇంకుతో రాసినట్టు అనుకో. ముందు చక్రాల దగ్గర, కింది భాగంలో ట్రనియన్ అనే కంచు ముక్క ఉంటుంది. నిలువు కడ్డీ అందులోకి మరలాగా దిగి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర మీదే తిరుగుతుంది. దానికి గ్రీజు కాదు, గేరు బాక్సులో పోసే ఈపీ 90 ఆయిల్ పట్టాలి. గ్రీజు లోపల గట్టిపడి మర కిందిదాకా చేరదు. మర ఎండి తుప్పు పడుతుంది, ఒకరోజు మలుపులో కడ్డీ విరిగి చక్రం పక్కకి మడుచుకుంటుంది. హెరాల్డ్‌కీ స్పిట్‌ఫైర్‌కీ ప్రపంచమంతటా తెలిసిన బలహీనత ఇదే. నిపుల్ కనపడగానే మన మేస్త్రులు అలవాటుగా గ్రీజు గన్ అందుకుంటారు. నువ్వు పక్కన నిలబడి ఆయిలే పట్టించు. ఆ బండికి అది విప్పి చూడకుండా రోడ్డెక్కవద్దు. కొత్త ట్రనియన్లు, నిలువు కడ్డీలు రెండు పక్కలవీ ముందే తెప్పించుకో.

టైర్ల మీద గాట్లు లేవు, గుబ్బలు నిలిచే ఉన్నాయి అన్నావు. అయినా పనికిరావు. పక్కన నాలుగంకెల ముద్ర ఉంటే అది తయారైన వారమూ సంవత్సరమూ చెబుతుంది. ముద్రే లేదంటే ఇంకా పాతవన్నమాట. 13 అంగుళాల చక్రానికి 145 సైజు రేడియల్స్ వేయించుకోవచ్చు.

పెట్రోలు దారి. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలు వార్నిష్ వాసన వస్తుంది. దాన్ని పూర్తిగా తీసి, ట్యాంకు దించి, లోపల తుప్పు కడిగించు. పంపులో డయాఫ్రం, కార్బురేటర్‌లో ప్యాకింగులు అన్నీ కొత్తవి. ఇక్కడ మా కాలంలో లేని చిక్కు ఒకటి వచ్చింది. ఇవాళ బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరుని అది మెత్తబరుస్తుంది, నీటిని పీలుస్తుంది. అందుకే పైపులూ డయాఫ్రమూ ఇథనాల్‌కి తట్టుకునే రకం అడిగి తీసుకో. బండి నెల రోజులు కదలదనుకుంటే ట్యాంకు నిండా పోసి వదలకు. ఇంకోటి, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఈ ఇంజను సీసం ఉన్న రోజుల్లో పుట్టింది. నెమ్మదిగా నడిపినన్నాళ్లు తొందర లేదు. హెడ్ విప్పే రోజు వచ్చినప్పుడు మాత్రం ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించు.

ఇప్పుడు ఇంజను. కొనకముందే ఒక పరీక్ష చేయించు. ముందున్న క్రాంక్ పుల్లీని ముందుకీ వెనక్కీ లాగి చూడమను. కంటికి కనపడేంత కదిలితే లోపల థ్రస్ట్ వాషర్లు అరిగాయని అర్థం. అవి జారి సంప్‌లో పడితే బ్లాకే పాడవుతుంది. కదలిక ఎక్కువుంటే ధర తగ్గించమను, లేదా వదులుకో. కొన్నాక నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం ఇంజనాయిల్ పోసి కొన్నాళ్లు నాననివ్వు. ఆ తర్వాత ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పు. తిరగకపోతే మళ్లీ నానబెట్టు, బలం పెట్టకు. పాత ఆయిల్ తీసి కొత్తది పోసి, వాల్వులు కదులుతున్నాయో లేదో పై మూత తీసి చూడు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుని ఉండవచ్చు, గేరు వేయబోయే ముందు అది చూసుకో. వైర్లు ఎలుకలు కొరికి ఉంటాయి, కందిరీగలు సైలెన్సర్‌లో మట్టి గూళ్లు కట్టి ఉంటాయి. బ్యాటరీ పెట్టే ముందు ఏ తీగ బాడీకి బిగించి ఉందో తప్పకుండా చూడు. ఆ కాలపు బండ్లలో చాలావాటికి ప్లస్ తీగ బాడీకి ఉండేది. ఇవాళ్టి అలవాటుతో మైనస్ బిగిస్తే డైనమో దగ్గర పని పడుతుంది. ఇవన్నీ అయ్యాక, పాయింట్లు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) గ్యాప్‌తో పెట్టించి, అప్పుడు సెల్ఫ్ కొట్టు.

నీ ఆఫీసు పనిలో తప్పు జరిగితే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లవచ్చంటావు కదా. ఇక్కడ విరిగిన స్టడ్ వెనక్కి రాదు. తుప్పు పట్టిన ప్రతి నట్టుకీ ముందురోజు రాత్రే తుప్పు నూనె పట్టించు, మర్నాడు విప్పు. బలంతో పని త్వరగా కాదు, రెట్టింపవుతుంది.

నడిచాక వచ్చే చిక్కులు హైదరాబాద్‌వి. మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గరా బయోడైవర్సిటీ దగ్గరా సాయంత్రం బళ్లు కదలవు. హెరాల్డ్ ఫ్యాన్ ఇంజనుతోనే తిరుగుతుంది, నిలబడి ఉంటే గాలి చాలదు. డైనమో కూడా నెమ్మది మీద ఛార్జ్ ఇవ్వదు, లైట్లూ వైపరూ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడితే బ్యాటరీ కరిగిపోతుంది. రేడియేటర్‌ని విప్పి కడిగించు. మీ కొండాపూర్‌లో ట్యాంకర్ నీళ్లూ బోరు నీళ్లూ ఉప్పు నీళ్లు, వాటిని రేడియేటర్‌లో ఒక్క చుక్క పోయకు, డిస్టిల్డ్ నీళ్లలో కూలెంట్ కలిపి పొయ్యి. మొదటి నెలలు తెల్లారుజామున మాత్రమే తీయి, ఇంటికి దగ్గర్లోనే తిరుగు.

స్పోర్ట్స్ కారు చుట్టం కదా అని మలుపుల్లో తొందరపడకు. దీని వెనక చక్రాలు స్వింగ్ యాక్సిల్ మీద ఉంటాయి. మలుపులోకి వేగంగా దూరి, భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పైకి లేచి చక్రం లోపలికి ముడుచుకుంటుంది, బండి తోక తిప్పుతుంది. తొలినాళ్ల స్పిట్‌ఫైర్‌దీ ఇదే గుణం. మలుపుకి ముందే నెమ్మదించు, మలుపులో యాక్సిలరేటర్ మీద కొంచెం కాలుంచు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే ఆ బండి నీకు ఏ కొత్త కారూ ఇవ్వని సంతోషం ఇస్తుంది. నేను హామీ ఇస్తాను.

ఎక్కడ బాగుచేయాలన్నది కూడా ముఖ్యం. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేయకు. పెట్రోలు తీయడం, బ్యాటరీ ఛార్జింగ్, వెల్డింగ్, వందల కుటుంబాలు నిద్రపోయే భవనం కింద చేసే పనులు కావు. మారేడ్‌పల్లి నుంచి దాన్ని తాడు కట్టి లాక్కురాకు, రికవరీ బండి మీద నేరుగా మెకానిక్ షెడ్డుకి చేర్చు. హెరాల్డ్ తెలిసిన ఉస్తాద్‌ని వెతుకు. సికింద్రాబాద్ వైపు పాత బండ్ల మీద చేయి తిరిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. కంప్యూటర్ తగిలించి లోపం చెప్పే పని నేర్చుకున్న కుర్రాళ్లకు పాయింట్ల శబ్దం వినడం నేర్పేవాళ్లు తగ్గిపోతున్నారు. నువ్వు శనివారాలు అక్కడ కూర్చో. ప్రతి సామానూ విప్పేముందు ఫోటో తీయి, కవర్‌లో వేసి పేరు రాయి, ఉస్తాద్ చెప్పింది నోట్‌బుక్‌లో పెట్టు. నీ ఉద్యోగం నేర్పిన ఆ క్రమశిక్షణే నువ్వు ఆ షెడ్డుకి ఇవ్వగలిగిన గొప్ప సాయం. ఆయన చేతిలో ఉన్నది నీ నోట్‌బుక్‌లోకి రాకపోతే ఆయనతోనే పోతుంది. ఈ బండి కొనమని నేను నిన్ను ప్రోత్సహించడానికి అసలు కారణం కూడా అదే.

ఆయన కూలి దగ్గర బేరం ఆడకు. ఏనుగుని కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టుంటుంది. బండికి ఎంత పెడుతున్నావో కనీసం అంతే డబ్బు బాగుచేయడానికి పక్కన పెట్టుకో. అది లేకపోతే ఇప్పుడు కొనకు, ఆగు. ఆరంభశూరత్వంతో విప్పి, డబ్బు చాలక ముక్కలుగా వదిలేసిన బండ్లే చివరికి తుక్కు కింద పోతాయి. కొన్నాక కూడా మొత్తం ఒకేసారి విప్పించకు. బ్రేకుల పని పూర్తయ్యాకే చక్రాల జోలికి వెళ్లు. రంగు అన్నిటికన్నా ఆఖరు.

ప్యాకింగులు, కంచు బుష్‌లు లాంటివేమైనా అక్కడ దొరకకపోతే కొలత పంపు, ఇక్కడ ఆటోనగర్‌లో చేయించి పంపుతాను. ఈ ఆదివారం మళ్లీ మారేడ్‌పల్లి వెళ్లి ఆర్‌సీ పుస్తకం ప్రతి పేజీకీ, ఛాసిస్ నంబరుకీ, బండి కింద నాలుగు మూలలకీ ఫోటోలు తీసి పంపు. పుల్లీ పరీక్ష కూడా వీడియో తీయి. అవి చూసి నేను సరే అనేదాకా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకు.

నీ క్షేమం కోరే,
పెదనాన్న